వారానికి రెండుసార్లా, రెండు వారాలకోసారా?

నేను రిటైరై మూడేళ్ళయింది. ఫిజియోథెరపీ చదివి కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు ఇప్పటికీ ఫోన్ చేస్తుంటారు. భుజం పట్టేసిన పేషెంటుకి ఎన్నాళ్ళు చెయ్యాలి, ఏ మెషిన్ కొంటే మంచిది, చెప్పిన ఎక్సర్‌సైజు ఇంట్లో చెయ్యనివాళ్ళతో ఎలా వేగాలి, ఇలాంటివి అడుగుతారు. అవన్నీ అయ్యాక, "మేడం, మీకు బాగా గుర్తున్న కేసు ఏదండీ?" అంటారు. ఏదో నోరు తిరగని జబ్బు పేరు చెబుతానని వాళ్ళ ఆశ. నాకు బాగా గుర్తున్న కేసు ఒక ఇంగ్లీషు మాట వల్ల వచ్చింది. ఫోన్లో ఎప్పుడు మొదలుపెట్టినా సగంలోనే వాళ్ళకి పేషెంట్లు వచ్చేస్తారు. అందుకని కూర్చుని రాస్తున్నాను.

మాది జగ్గయ్యపేట. నేను పనిచేసిన ఆస్పత్రి నందిగామలో. ఒక ట్రస్టు వాళ్ళది, హెడ్డాఫీసు హైదరాబాదులో ఉండేది. పొద్దున్నే బస్సెక్కితే చిల్లకల్లు దగ్గర హైవే మీదికొచ్చి, లారీల మధ్య నుంచి నందిగామ చేరేదాన్ని. సర్వీసులో సగం ఆ బస్సు కిటికీ పక్కనే గడిచిందని మా ఆయన వేళాకోళం చేసేవారు.

రిటైర్మెంటుకి ఇంకా అయిదారేళ్ళుందనగా హెడ్డాఫీసు నుంచి ఒక ఆర్డరు వచ్చింది. ఒకే పేజీ, అంతా ఇంగ్లీషు. పక్షవాతం వచ్చినవాళ్ళు, మోకాళ్ళు అరిగినవాళ్ళు నందిగామ దాకా రాలేకపోతున్నారు కాబట్టి, వీరులపాడు మండలంలోని ఫలానా ఊళ్ళో మేమే ఒక 'బైవీక్లీ' క్లినిక్ పెట్టాలని అందులో ఉంది. వ్యాను ఇస్తామన్నారు, డ్రైవరునిస్తామన్నారు.

బైవీక్లీ అంటే వారానికి రెండుసార్లు. నాకు ఆ విషయంలో రెండో ఆలోచనే రాలేదు. మా చెల్లెలి ఊరికి వెళ్ళే రైలు విజయవాడ నుంచి వారానికి రెండు రోజులే ఉండేది. దాన్ని బైవీక్లీ ఎక్స్‌ప్రెస్ అనేవాళ్ళు. ఆ రైలు తప్పిపోయి ఏడ్చిన రోజులున్నాయి నాకు. అందుకని ఆ మాట అర్థం నాకు బాగా తెలుసు అనుకున్నాను. మంగళవారం, శుక్రవారం అని నేనే రోజులు పెట్టేసి బయల్దేరాను.

మా డ్రైవరుది గరికపాడు. అటు కాలు పెడితే తెలంగాణ, ఇటు పెడితే ఆంధ్ర. అతని మాటలో రెండూ కలిసిపోయి ఉండేవి. మనిషి చాలా పనిమంతుడు. ఆ ఊళ్ళో మాకిచ్చింది పాత బడి గది. కొత్త బడి కట్టుకుని పిల్లలు వెళ్ళిపోయారు, నల్లబల్ల మాత్రం గోడకి మిగిలిపోయింది. డ్రైవరు మొదటి వారమే దూలానికి ఒక గిలక కట్టి తాడు వేలాడదీశాడు, చేతులు పైకెత్తే ఎక్సర్‌సైజుకి. రెండో వారం రెండు ఇనప పైపులు నడుమెత్తులో సమాంతరంగా బిగించాడు, పట్టుకుని నడవడానికి. "మేడం, మీ ఆస్పత్రిల ఉన్నవాటి కంటే నావే గట్టివి," అన్నాడు. నిజమే. ఆస్పత్రివి ఊగుతుండేవి.

మొదట్లో నలుగురో అయిదుగురో వచ్చేవాళ్ళు. నెల తిరిగేసరికి గది నిండిపోయింది. నన్ను ఎవరూ ఫిజియోథెరపిస్టు అనలేదు. 'కరెంటు పెట్టే అమ్మ' అనేవాళ్ళు, నొప్పికి పెట్టే మెషిను వల్ల. మిరప కోతల కాలంలో నడుములు పట్టేసిన ఆడవాళ్ళు చేల నుంచి నేరుగా వచ్చేవాళ్ళు. వాళ్ళ చేతుల్లోని మిరప ఘాటుకి నా కళ్ళు మండేవి. తిరిగి వెళ్ళేటప్పుడు వ్యానులో వంకాయలో, గోంగూర కట్టలో, జొన్న కంకులో ఉండేవి. ఎవరు పెట్టారో అడిగితే ఎవరూ చెప్పరు.

అక్కడికి వచ్చేవాళ్ళలో ఇద్దరి గురించి చెప్పాలి.

ఒకావిడ మిరపకాయ కూలీల ముఠాకి పెద్ద. అరవై దాటాయి. రెండు మోకాళ్ళూ అరిగిపోయి, గట్టు దిగాలంటే ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చేది. నోరు మాత్రం ఊరంతటికీ వినపడేది. వచ్చిన మొదటి రోజే, "అమ్మాయ్, నాకు మందులొద్దు, కరెంటొద్దు. ఆదివారం చర్చిలో మోకరించి లేవాలి. అంతే. ఎప్పటికి లేస్తానో చెప్పు," అంది. నేను ఏడాది అన్నాను. ఆరు నెలలంది. బేరం ఎనిమిది నెలలకి తెగింది.

రెండో ఆయన హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మాష్టారు. పక్షవాతం వచ్చి రెండేళ్ళయింది. కుడి కాలు, కుడి చెయ్యి పడిపోయాయి, మూతి కొంచెం వంకరపోయింది. కాలు కొంత తిరిగొచ్చింది. మాటా వచ్చింది కానీ ముద్దగా వచ్చేది. ముప్పై ఏళ్ళు పిల్లల ఉచ్చారణ దిద్దిన మనిషి ఆయన. తన నోట తప్పు పలకడం ఇష్టం లేక అసలు మాట్లాడటమే మానేశారు. భార్య ఆయన్ని రెక్క పట్టుకుని తీసుకొచ్చేది. నేనేమడిగినా తలూపడమే. ఆవిడే రెండు వైపులా మాట్లాడేది. "ఇంట్లో కూడా ఇంతేనమ్మా. మజ్జిగ కావాలంటే గ్లాసు చూపిస్తారు. రెండేళ్ళనించి మా ఇంట్లో నేనొక్కదాన్నే మాట్లాడుకుంటున్నా."

నేను స్పీచ్ థెరపిస్టును కాదు. అయినా గిలక లాగేటప్పుడు అంకెలు పైకి లెక్కపెట్టమని అందరికీ చెప్పేదాన్ని, ఆయనకీ చెప్పాను. పెదవి కదిపేవారు కాదు. అప్పుడు నేనే ఆయన తరఫున ఇంగ్లీషులో లెక్కపెట్టడం మొదలుపెట్టాను. అంకెలు అయిపోతే వారాల పేర్లు చెప్పేదాన్ని. ఒకరోజు "ట్యూస్‌డే, వెడ్నెస్‌డే" అంటున్నాను. ఆయన తాడు వదిలేశారు. ముఖం ఎర్రబడింది. ఏమైందోనని కంగారుపడి దగ్గరికెళ్ళాను. గొంతు సవరించుకుని, ఎంతో కష్టం మీద, "వెన్...జ్‌డే," అన్నారు.

రెండేళ్ళ తర్వాత బయటివాళ్ళతో ఆయన మాట్లాడిన మొదటి మాట అది. నా తప్పు దిద్దడానికి వాడారు. ఆ రోజు నుంచి నేను కావాలనే తప్పులు పలికేదాన్ని. కొన్ని కావాలని పలికినవి కావు, కానీ ఆయనకి ఆ సంగతి చెప్పలేదు.

చెయ్యి మాత్రం మొరాయించింది. వేళ్ళు ముడుచుకుపోయేవి. మాష్టారు కదా అని చాక్‌పీసు తెచ్చి చేతిలో పెట్టాను. నల్లబల్ల వైపు చూసి, చాక్‌పీసుని ఎడమ చేత్తో తీసి పక్కన పెట్టేశారు. నెలకొకసారి పెట్టేదాన్ని, నెలకొకసారి పక్కన పెట్టేవారు. వంకర అక్షరాలు రాయడం ఆయనకి ఇష్టం లేదు. దానికి బదులు బట్టలకి పెట్టే క్లిప్పులు నొక్కించాను, పిండిముద్ద పిసికించాను. అవి చేసేవారు.

ఇక నేను చేసిన తప్పు సంగతి.

క్లినిక్ మొదలైన రెండో నెలలో మా ట్రస్టుదే ఇంకో సెంటర్లో పనిచేసే నా స్నేహితురాలు ఫోన్ చేసింది. వాళ్ళకీ అదే ఆర్డరు వచ్చింది. మాటల్లో మాటగా, "మేం పదిహేను రోజులకోసారి వెళ్ళొస్తున్నాం," అంది.

"అదేంటి, వారానికి రెండుసార్లు కదా?"

"రెండు వారాలకోసారే! బైవీక్లీ అంటే అదేగా. మా ఆఫీసులో అందరూ అదే అన్నారు. నువ్వెన్నిసార్లు వెళ్తున్నావే?"

సిగ్నల్ సరిగా లేదని చెప్పి ఫోన్ పెట్టేశాను.

నాకు తెలియదు కాబట్టి తప్పు జరిగింది అని చెప్పుకోవడానికి ఆ రోజుతో వీలు పోయింది. మర్నాడు హెడ్డాఫీసుకి ఒక్క ఫోన్ చేస్తే తేలిపోయేది. చెయ్యలేదు. తేలితే మంగళవారాలన్నీ పోతాయి, శుక్రవారాల్లో సగం పోతాయి. పక్షవాతం వచ్చిన చెయ్యి రెండు వారాలు ఊరుకుంటే మొదటికొస్తుందని మీకు నేను చెప్పక్కర్లేదు. ఆర్డరు కాగితాన్ని ఫైల్లో అడుక్కి తోసి, మంగళవారం వ్యానెక్కాను. మీరు ఇలా చెయ్యండని నేను చెప్పను. ఇప్పుడైతే నేనే ఫోన్ చేస్తాను, వాదిస్తాను. అప్పుడు వాదిస్తే ఓడిపోతానని భయం.

అలా పది పదకొండు నెలలు గడిచాయి. ముఠా మేస్త్రమ్మ మాత్రం బేరం ప్రకారం ఎనిమిదో నెలలోనే మోకరించి లేచింది. చర్చిలో పాట ఆపి అందరూ చప్పట్లు కొట్టారట. పాస్టరుగారు ఆ వారం ప్రసంగం మార్చుకున్నారట. ఇదంతా ఆవిడే చెప్పింది కాబట్టి నిజమెంతో నాకు తెలియదు.

ఆ తర్వాత ఒక సోమవారం హెడ్డాఫీసు నుంచి ఫోన్. వ్యాను తిరుగుడు మంజూరైనదానికి నాలుగింతలుందట. ఆఫీసరుగారు శుక్రవారం స్వయంగా వచ్చి చూస్తారట.

మంగళవారం వ్యానులో డ్రైవరుకి అంతా చెప్పేశాను. అతను స్టీరింగు మీద నుంచి చూపు తిప్పకుండా, "నాకు తెల్వదా మేడం? లాగ్ బుక్కు రాసేది నేనే గదా. వేరే సెంటరు డ్రైవర్లు ఎప్పుడో చెప్పిన్రు," అన్నాడు.

"మరి నాతో అనలేదేం?"

"మీకు తెలిస్తే ఆపేస్తారేమోనని."

నేను అతని దగ్గరా, అతను నా దగ్గరా దాచుకుని ఏడాది తిరిగామన్నమాట. కట్టలేరు వాగు దాటే దాకా ఇద్దరం నవ్వుతూనే ఉన్నాం. దాటాక నాకు మళ్ళీ భయమేసింది.

అతను ఊళ్ళో ఎవరికి చెప్పాడో గానీ, శుక్రవారం మేము వెళ్ళేసరికి బడి గది ముందు పెళ్ళివారి ఇల్లులా ఉంది. రావాల్సినవాళ్ళు, రానక్కర్లేనివాళ్ళు, పాత పేషెంట్లు, వాళ్ళ కోడళ్ళు, అందరూ వచ్చేశారు. ముఠా మేస్త్రమ్మ ఆ రోజు కోత మానేసి పదిమంది కూలీలని వెంటేసుకొచ్చింది. "మీరేం మాట్లాడకండి, నాకు ఇంకా కష్టమవుతుంది," అని బతిమాలాను.

"మేమేం మాట్టాడతాం అమ్మాయ్? నిలబడతాం అంతే. నిలబడటం నువ్వు నేర్పిందేగా."

ఆఫీసరు పదకొండింటికి వచ్చారు. నలభై అయిదేళ్ళుంటాయి. ఇస్త్రీ నలగని చొక్కా, చేతిలో ఫైలు. నేను ఊహించుకున్నంత కోపిష్టి కాదు. అందరికీ నమస్కారం పెట్టి, కుర్చీ వేస్తే కూర్చుని, తిన్నగా విషయానికొచ్చారు.

"అమ్మా, ఆర్డరు మీరు చదివారు కదా?"

"చదివానండి."

"బైవీక్లీ అని స్పష్టంగా ఉంది. రెండు వారాలకి ఒకసారి. మీరు వారానికి రెండుసార్లు వస్తున్నారు. వేరే సెంటర్లన్నిటికీ సరిగ్గా అర్థమైంది. మీకెందుకు కాలేదు?"

నాకు రైలు గుర్తొచ్చింది. ఆ రైలు సంగతి చెప్పి తప్పించుకోవచ్చు. కానీ అంతమంది ముందు, అన్నాళ్ళు దాచిన తర్వాత, ఇంకొకటి దాచడానికి మనసొప్పలేదు. లేచి నిలబడ్డాను.

"మొదట వారానికి రెండుసార్లనే అర్థమైందండి. కానీ రెండో నెలలోనే నాకు అనుమానం వచ్చింది. అడిగితే ఆపేస్తారని అడగలేదు. తప్పు నాది. డ్రైవరుకి దీంతో సంబంధం లేదు."

ఆయన పెన్ను తీశారు.

"ఆ... గండి."

వెనక నుంచి వచ్చింది ఆ మాట. అందరం తిరిగి చూశాం. మాష్టారు పైపు పట్టుకుని లేస్తున్నారు. భార్య పట్టుకోబోతే మోచేత్తో వారించారు. అడుగులో అడుగు వేసుకుంటూ, గదంతా దాటుకుని, ఆఫీసరుని కూడా దాటుకుని, నల్లబల్ల దగ్గరికెళ్ళారు. కిటికీలో నేను పెట్టిన చాక్‌పీసు ఉంది. దాన్ని ఎడమ చేత్తో తీసి కుడి చేతి వేళ్ళ మధ్య ఇరికించుకున్నారు. ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకున్నారు.

రాయడం మొదలుపెట్టారు.

ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు. ముందు ఇంగ్లీషులో 'బై' రాశారు, కాస్త ఎడంగా 'వీక్' రాశారు. అక్షరాలు కిందికి జారిపోయాయి. మొదటి అక్షరం పెద్దది, చివరిది చిన్నది. ఆయన వాటిని చూసి మొహం చిట్లించారు గానీ చెరపలేదు. మా వైపు తిరిగారు.

"రెండు," అన్నారు, మొదటి ముక్క మీద వేలు పెట్టి. "వారం," అన్నారు, రెండో ముక్క మీద పెట్టి. "ఉన్నవి... ఈ రెండే. తెలుగులో చెప్పండి."

చెప్పమన్నది ఎవరినో అర్థం కాలేదు. ముఠా మేస్త్రమ్మ అందుకుంది. "వారానికి రెండుసార్లు!"

"ఇంకోలా."

డ్రైవరు గుమ్మంలో నుంచి, "రెండు వారాలకోసారి సార్," అన్నాడు.

"చూశారా." మాష్టారు ఆఫీసరు వైపు తిరిగారు. మాట ముద్దగానే ఉంది, ఒక్కొక్క మాటకీ ఆగాల్సి వస్తోంది. అయినా ఆగుతున్నది పాఠం చెప్పేవాళ్ళు ఆగే చోటే. "అవే మాటలు. ముందొకటి... వెనకొకటి. తెలుగులో... తేడా తెలుస్తుంది. ఇంగ్లీషువాడు... రెంటికీ ఒకే మాట పెట్టాడు. నిఘంటువు... చూడండి."

ఆఫీసరు మర్యాదస్తుడు. ఫోన్ తీసి వెతికారు. చదువుకున్నారు. ఇంకోచోట వెతికారు. "రెండూ ఉన్నాయండి," అన్నారు నెమ్మదిగా. "వారానికి రెండుసార్లు అనీ ఉంది, రెండు వారాలకోసారి అనీ ఉంది."

గదిలో గోల మొదలైంది. మాష్టారు చెయ్యెత్తారు. కుడి చెయ్యి. భుజం దాకా ఎత్తారు. పదకొండు నెలల్లో అంత ఎత్తు గిలకతో కూడా ఎత్తలేదు. నేను దాన్నే చూస్తూ ఉండిపోయాను. గోల ఆగింది.

"ఏడాదికి రెండుసార్లయితే... బైఆన్యువల్. రెండేళ్ళకోసారైతే... బైయెనియల్. అక్కడ... రెండు మాటలు చేసుకున్నాడు. వారం దగ్గరికొచ్చేసరికి... బద్ధకించాడు." కాసేపు ఊపిరి తీసుకున్నారు. "పదిహేను రోజులకోసారి అనాలంటే... ఫోర్ట్‌నైట్లీ అని... శుభ్రమైన మాటుంది. ఆ మాట రాయకుండా... ఈ మాట రాసిందెవరు?"

ఆఫీసరు ఫైలు మూశారు. ఆయన మొహం చూస్తే నవ్వాపుకుంటున్నట్టుంది.

"నేనేనండి," అన్నారు.

"అయితే... బెంచీ ఎక్కండి."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత ముందుగా నవ్వింది ఆఫీసరే. ఆ తర్వాత గది పైకప్పు ఎగిరిపోతుందేమో అనిపించింది. మాష్టారి భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది, కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి. "ఇంట్లో మజ్జిగ అనరు! మజ్జిగ అని అనరు ఈయన! ఇక్కడ బైయెనియలంట!" అంటూ పక్కావిడ భుజం మీద వాలిపోయింది.

నవ్వులు తగ్గాక ఆఫీసరు మళ్ళీ నా వైపు తిరిగారు. "మాష్టారు గెలిచారు. మాటకి రెండర్థాలున్నాయి, ఒప్పుకుంటున్నా. కానీ మీకు అనుమానం వచ్చినప్పుడు అడగాలి కదమ్మా. అది మాత్రం తప్పే."

"అవునండి."

"ఇంకో సంగతి. మాటకి రెండర్థాలున్నాయని రెండో రోజుకి వ్యాను ఇవ్వలేను. అవసరమని నాకు తెలియాలి. ఎవరికేం తగ్గిందో చూపించండి."

ఆ మాట కోసమే కాచుకున్నట్టు ముఠా మేస్త్రమ్మ ముందుకొచ్చింది. ఎవరి ఆసరా లేకుండా, గచ్చు నేల మీద, రెండు మోకాళ్ళ మీదా కూర్చుంది. చేతులు జోడించి కళ్ళు మూసుకుంది. ప్రార్థన నిజంగానే చేసిందో, ఊరికే కాసేపు కూర్చుందో తెలియదు. ఆఫీసరు ఇబ్బందిగా కుర్చీలో కదిలారు. తర్వాత ఆవిడ లేచి నిలబడింది. "మీరు పదిహేను రోజులకోసారి పంపితే, నేను కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే ఉండేదాన్ని సారూ," అంది.

ఆ వెనక ఒక్కొక్కరే వచ్చారు. ట్రాక్టరు తోలే ఆయన చెయ్యి వీపు వెనక్కి పెట్టి చూపించాడు. ఒకమ్మాయి కర్ర లేకుండా గది ఆ కొస నుంచి ఈ కొసకి నడిచింది. ఎవరూ నా పేరెత్తలేదు. ఏది చెయ్యగలుగుతున్నారో అది చేసి చూపించి పక్కకి జరిగారు. నేను తల వంచుకుని మెషిను వైర్లు చుడుతూ కూర్చున్నాను. పైకి చూస్తే ఏడ్చేస్తానని.

ఆఫీసరు అందరూ అయ్యేదాకా చూశారు. చివరికి, "వేరే సెంటర్లకి కూడా వెళ్ళానమ్మా," అన్నారు. "మూడోసారికి పేషెంట్లు రావడం మానేస్తున్నారు. శ్రద్ధ లేదు అని రిపోర్టు రాశా. పదిహేను రోజులకోసారి వెళ్తే ఎవరికీ తగ్గక మానేశారేమో. నాకు తట్టలేదు." ఫైల్లోంచి ఆర్డరు తీసి, ఆ మాట మీద పెన్నుతో అడ్డగీత కొట్టారు. మాష్టారి దగ్గరికెళ్ళి కాగితం చూపించారు. "ఇక్కడ ఏం రాయమంటారండీ?"

మాష్టారు అప్పటికే అలిసిపోయి బెంచీ మీద కూర్చున్నారు. "ట్వైస్ ఎ వీక్," అన్నారు. "చిన్నపిల్లలకి కూడా... అర్థమయ్యే మాట." మళ్ళీ ఏదో గుర్తొచ్చినట్టు, "రోజులు కూడా రాయండి. లేకపోతే... శని, ఆదివారాలంటారు," అన్నారు.

ఆఫీసరు రాసుకున్నారు. వెళ్ళేటప్పుడు ఆయన కారులో కూడా గోంగూర ఎవరో పెట్టారు. ఎవరు పెట్టారో ఆయనకీ తెలియలేదు.

మూడు వారాల తర్వాత హెడ్డాఫీసు నుంచి కవరొచ్చింది. అందులో రెండు కాగితాలు. మొదటిది సవరించిన ఆర్డరు. మా ఒక్క ఊరికే కాదు, అన్ని సెంటర్లకీ వారానికి రెండుసార్లు, మంగళవారం, శుక్రవారం. అది చదివి వార్డులోనే గట్టిగా కేకేశాను. పేషెంట్లు బెదిరిపోయారు. రెండోది నాకు మెమో. ఆర్డరు మీద అనుమానం వచ్చినా పైవాళ్ళని అడగనందుకు రాతపూర్వకంగా సంజాయిషీ ఇవ్వాలట. అంతకు ముందూ ఆ తర్వాతా సర్వీసులో నాకు ఇంకో మెమో రాలేదు. ఆఫీసరు మాట మీద నిలబడ్డారు. మెచ్చుకోవాల్సింది మెచ్చుకున్నారు, అడగాల్సింది అడిగారు. నాకు ఆయన మీద గౌరవం పెరిగిందే గానీ తగ్గలేదు.

మంగళవారం రెండు కాగితాలూ మాష్టారికి చూపించాను. ఆర్డరు చదివి తలూపారు. మెమో రెండుసార్లు చదివారు. తర్వాత చెయ్యి చాపారు, కుడి చెయ్యి.

"పెన్ను."

"ఎందుకండీ?"

"నీ ఇంగ్లీషు... నేను విన్నాను కదా అమ్మా. సంజాయిషీ... నేను రాస్తాను. నువ్వు సంతకం పెట్టు."

పెన్నుకి గుడ్డ చుట్టి లావు చేసి ఇచ్చాను, వేళ్ళకి పట్టు దొరకాలని. ఆ రోజు ఒక వాక్యం రాశారు. శుక్రవారం రెండు వాక్యాలు. మళ్ళీ మంగళవారానికి పూర్తయింది. ఈ మధ్యలో గడువు దాటిపోయిందని ఆఫీసువాళ్ళు ఫోన్ చేస్తే, సంజాయిషీ తయారవుతోందని చెప్పాను. అది అబద్ధం కాదు కదా. మొత్తం ఆరు లైన్లు. నాకు అనుమానం వచ్చిందని, అడిగి ఉండాల్సిందని, ఇకముందు అడుగుతానని, ఎక్కడా సాకు చెప్పకుండా రాశారు. అక్షరాలు ఇంకా జారుతున్నాయి గానీ, ఆఖరి లైనుకి వచ్చేసరికి గీత మీద కూర్చున్నాయి. భార్య ఒక్కొక్క అక్షరాన్నీ వేలితో తడుముతూ చూసింది.

నేను కింద సంతకం పెట్టాను. మాష్టారు నా దగ్గర పెన్ను తీసుకుని, తన కుడి చేత్తోనే దానికి మూత పెట్టారు. ఒకసారి జారింది, రెండోసారి పడింది. తర్వాత గదిలో గిలక లాగుతున్నవాళ్ళనీ, పైపులు పట్టుకుని నడుస్తున్నవాళ్ళనీ, గుమ్మంలో నిలబడ్డ డ్రైవరునీ వరసగా చూశారు.

"ఇంకెవరికైనా... మెమోలొచ్చాయా?" అని అడిగారు.